స్వీట్ ఎమ్మా, డియర్ బోబె (1992): బోబె చావు దర్శకుడు వేసిన శిక్షా?

నీలి_తెర
ఇస్త్వాన్ సాబో తీసిన ఈ హంగేరియన్ చిత్రాన్ని నిన్న రాత్రి చూశాను. ముక్కాలు భాగం వరకు నాకు ఎంతో నచ్చింది, ముగింపు దగ్గర మాత్రం కోపం వచ్చింది. చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. ఎమ్మా, బోబె అనే ఇద్దరు యువతులు బుడాపెస్ట్‌లో ఒక బడిలో రష్యన్ బోధిస్తుంటారు. 1989లో నిర్బంధ రష్యన్ బోధన రద్దు కావడంతో వారు చదివిన చదువుకు ఒక్కసారిగా విలువ పోతుంది. ఉద్యోగం నిలవాలంటే రాత్రిపూట తాము ఇంగ్లీషు నేర్చుకుని, ఆ పాఠాన్నే పగలు పిల్లలకు చెప్పాలి. విమానాశ్రయం పక్కన ఉన్న ఉపాధ్యాయుల హాస్టల్లో ఇద్దరికీ కలిపి ఒక గది ఉంటుంది. జీతం చాలక ఎమ్మా ఒక ఇంట్లో పాచిపనికి వెళుతుంది. బోబె డబ్బున్న విదేశీయులతో తిరుగుతుంది.

నా అభ్యంతరం ఇది. ఇల్లు తుడిచిన ఎమ్మాను కథ బతకనిచ్చింది. విదేశీయులతో తిరిగిన బోబెను పోలీసులకు పట్టించి, బయటికి వచ్చాక కిటికీలోంచి దూకించి చంపింది. దారి తప్పిందని ముద్ర పడిన ఆడపిల్ల ఆఖరి రీలులో చనిపోవడం మనం మన పాత చిత్రాల్లో చూసి చూసి విసిగిపోయిన పద్ధతి. సాబో స్థాయి దర్శకుడు కూడా ఆ పద్ధతినే ఎందుకు పాటించాడో నాకు అర్థం కాలేదు. మీరంతా దీన్ని ఎలా చూశారు?

మూడో_బెంచీ
శీర్షికలోనే చావు సంగతి చెప్పేశారు! నేనింకా చూడలేదు. అయినా చర్చ ఆపకండి, చదువుతున్నాను.

పాత_రీలు
నీలి_తెర గారితో నేను ఏకీభవించలేను. బోబెది శిక్ష అయితే ఎమ్మాకు దక్కింది బహుమానం కావాలి. కాని ఆమెకు దక్కిందేమిటి? ఆఖరి దృశ్యాల్లో ఆమె మెట్రో దారిలో నిలబడి, రాకపోకలు సాగించే జనం మధ్య గొంతు చించుకుని పత్రికలు అమ్ముతుంది. ఇద్దరిలో ఎవరిని మెచ్చుకోవాలో చెప్పే ఉద్దేశం దర్శకుడికి ఉంటే ఎమ్మాను అక్కడ వదిలిపెట్టి చిత్రం ముగించేవాడు కాడు.

సాబో అంతకుముందు తీసిన చిత్రాలతో పోల్చి చూస్తే ఇది మరింత స్పష్టమవుతుంది. 1981 నాటి మెఫిస్టోకు ఉత్తమ విదేశీ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. తరువాత కల్నల్ రెడల్, హనుసన్ తీశాడు. ఆ మూడింటిలోనూ క్లౌస్ మరియా బ్రాండవర్ నాయకుడు. మూడూ అధికారానికి దగ్గరగా జరిగి, దాని వేడికి కాలిపోయిన ప్రతిభావంతుల కథలు. వాటిలో పెద్ద సెట్లు, సైనిక దుస్తులు, నాటకశాలలు కనిపిస్తాయి. ఇక్కడ అవేవీ లేవు. అధికారం చేతులు మారినప్పుడు దానితో ఏనాడూ సంబంధం లేని ఇద్దరు పంతులమ్మలు దాని మూల్యం ఎలా చెల్లించారో గంటన్నర కూడా పట్టని చిన్న చిత్రంలో చూపించాడు. ఛాయాగ్రాహకుడు ఆయన పాత తోడు లయోష్ కొల్తాయియే. అయినా ఇందులోని దృశ్యాలు వాటిలోలాగా మెరవవు, మెరవకూడదు కూడా. 1992 బెర్లిన్ చిత్రోత్సవంలో దీనికి జ్యూరీ ప్రత్యేక బహుమతిగా వెండి ఎలుగుబంటి (సిల్వర్ బేర్) లభించింది.

ఒంటరి_ప్రేక్షకుడు
బహుమతి వచ్చినంత మాత్రాన నీలి_తెర గారి ప్రశ్నకు జవాబు దొరికినట్లు కాదు. బోబె ఆలోచనల్లోకి చిత్రం ఎక్కడా వెళ్లదు. ఎమ్మా కలలు మనకు చూపిస్తారు. కొండవాలు మీద నగ్నంగా దొర్లిపోయే ఆ పీడకల మొదట్లోనే వస్తుంది. బోబెకు ఒక్క కల కూడా లేదు. బోబెగా చేసిన ఎనికో బోర్చోక్ తన నటనతో ఆ లోటు పూడ్చింది గాని, రచనలో ఆ లోటు ఉంది.

చిట్టా_ఆవర్జా
పాత్రల మంచిచెడ్డలు తూచే ముందు ఆ కాలపు లెక్కలు చూడాలని నా మనవి. హంగేరీలో ధరల పెరుగుదల 1990లో దాదాపు 29 శాతం, 1991లో 35 శాతం, 1992లో 23 శాతం. మూడేళ్లలో ధరలు రెట్టింపయ్యాయన్నమాట. బడ్జెట్ మీద బతికే ఉపాధ్యాయుల జీతాలు ఆ వేగాన్ని అందుకోలేవు. 1991 ఒక్క ఏడాదిలోనే జాతీయోత్పత్తి సుమారు 12 శాతం పడిపోయింది. సోవియట్ కూటమి దేశాల మధ్య వాణిజ్యాన్ని నడిపిన కామెకాన్ ఆ ఏడు జూన్‌లో రద్దయింది, దాని మీద ఆధారపడిన కర్మాగారాలకు కొనేవారు లేకుండా పోయారు. అంతకుముందు అధికారికంగా నిరుద్యోగమే లేదని చెప్పుకున్న దేశంలో, కోటికి కాస్త మించిన జనాభాలో, 1993 తొలి నెలల నాటికి నమోదైన నిరుద్యోగులు సుమారు 7 లక్షల మంది.

ఈ లెక్కలో చూస్తే ఎమ్మా పాచిపనీ బోబె సాయంత్రాలూ ఒకే ఖాతాలో పడతాయి. నెలాఖరుకు చాలని జీతాన్ని పూడ్చుకోవడానికి దొరికిన దారులవి. ఒకటి నీతి, మరొకటి అవినీతి అని విడదీయడం మన పని, చిత్రం ఆ పని చేయలేదు.

నీలి_తెర
చిట్టా_ఆవర్జా గారూ, అంకెలు చెప్పినందుకు కృతజ్ఞతలు. కాని ఒకే ఖాతాలో పడిన ఇద్దరిలో ఒకరినే ఎందుకు చంపారన్నది కదా నా ప్రశ్న. అంకెలు బోబెను కిటికీ దాకా తీసుకువెళ్లగలవు, అక్కడి నుంచి దూకించింది మాత్రం రచయిత.

డాన్యూబ్_గట్టు
నేను బుడాపెస్ట్‌లో ఉద్యోగం చేస్తున్నాను. నా కార్యాలయంలో ఆ రోజుల్లో బడిపిల్లలుగా ఉన్నవారు కొందరున్నారు. ఈ చిత్రం ప్రస్తావన తెచ్చినప్పుడు వారంతా మొదట మాట్లాడింది తమ రష్యన్ టీచర్ల గురించే. 1949 నుంచి నాలుగు దశాబ్దాలు బడిలో రష్యన్ తప్పనిసరిగా ఉండేది. ఏళ్ల తరబడి చదివినా మాట్లాడటం వచ్చినవారు తక్కువ, ఎందుకంటే 1956 తిరుగుబాటును అణచడానికి ట్యాంకులతో వచ్చిన సోవియట్లవారి భాషను మనసు పెట్టి నేర్చుకోకపోవడం కూడా పిల్లలకు ఒక నిరసనగా ఉండేదట. ఆ నిరసనను పాఠం జరిగినంతసేపూ ఎదురుగా నిలబడి భరించింది మాస్కో పెద్దలు కాదు, ఎమ్మా వంటి పంతులమ్మలు. వ్యవస్థ మారిన తరువాత కూడా ఆ కోపం వారి మీదే తీరింది.

1990 నుంచి అమెరికా శాంతి దళం (పీస్ కోర్) స్వచ్ఛంద సేవకులు ఇంగ్లీషు చెప్పడానికి హంగేరీకి వచ్చారు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారు పక్క గదిలో పాఠం చెబుతుంటే, నిన్న రాత్రి నేర్చుకున్న వాక్యాన్ని ఇవాళ నల్లబల్ల మీద రాసే ఎమ్మా పరిస్థితి ఊహించండి. చిత్రంలోని తరగతి దృశ్యాలు నవ్వు కోసం తీసినవని ఎక్కడో చదివాను. నాకు ఒక్కసారి కూడా నవ్వు రాలేదు.

హాస్టల్ గురించి ఒక మాట చెప్పాలి, ఇది బయటివారికి తెలియక చిత్రంలో ఒక ముఖ్యమైన సంగతి జారిపోతుంది. తొంభైల మొదట్లో స్థానిక మండళ్లు తమ అధీనంలోని అద్దె ఫ్లాట్లను అందులో ఉంటున్నవారికే మార్కెట్ ధరలో కొద్ది భాగానికి అమ్మేశాయి. అప్పటికి ఫ్లాటు చేతిలో ఉన్న మామూలు కుటుంబం కూడా ఒక ఆస్తికి యజమాని అయింది. హాస్టల్ గదిలో ఉన్నవారికి కొనుక్కోవడానికి ఏమీ లేదు. ఆ పంపకంలో ఊరి నుంచి వచ్చిన ఎమ్మా, బోబె వంటివారు ఒక తరం వెనక్కి పడిపోయారు. పని పోతే గది పోతుంది, గది పోతే పల్లెకు తిరిగి పోవాలి. బోబె పోలీసు స్టేషన్ నుంచి వచ్చాక ఆమె ముందున్న దారులు ఇవే. అందుకే ఆ చావు నాకు రచయిత తెచ్చిపెట్టినదిగా అనిపించలేదు.

మూడో_బెంచీ
విమానాశ్రయం పక్కన హాస్టల్ అంటే రోజంతా నెత్తి మీద విమానాల మోతేనా?

డాన్యూబ్_గట్టు
అవును. అప్పట్లో ఫెరిహెగి అనేవారు, 2011 నుంచి అది సంగీతకర్త ఫెరెంత్స్ లిస్ట్ పేరు మీద ఉంది. దేశం సరిహద్దులు తెరిచిన కాలంలో, ఎక్కడికైనా ఎగిరిపోవచ్చని అందరూ చెప్పుకుంటున్న కాలంలో, టిక్కెట్టు కొనలేని ఇద్దరిని రన్‌వే పక్కన పడుకోబెట్టాడు దర్శకుడు.

ఉక్కునగరం
ఇది చదువుతుంటే మా పెదనాన్నగారు గుర్తుకు వచ్చి రాస్తున్నాను. విశాఖ ఉక్కు కర్మాగారం సోవియట్ సహకారంతో కట్టినదని అందరికీ తెలుసు. ఆయన హైదరాబాదులో రష్యన్ నేర్చుకుని, నిర్మాణం సాగిన ఎనభైల్లో సోవియట్ నిపుణులకూ మన ఇంజనీర్లకూ మధ్య దుబాసీగా పనిచేశారు. బ్లాస్ట్ ఫర్నేస్ పుస్తకాలు తెలుగులో ఇంత చక్కగా వివరించగలవారు మరొకరు లేరని ఇంజనీర్లు అనేవారు. 1991 తరువాత నిపుణులు వెళ్లిపోయారు. 1992 ఆగస్టులో కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు, అదే ఏడు ఈ చిత్రమూ వచ్చింది. అప్పటికి ఆయన ఒక ట్యూషన్ సెంటర్లో పదో తరగతి పిల్లలకు సోషల్ చెబుతున్నారు.

ఆయనను ఎవరూ అవమానించలేదు, మన దగ్గర రష్యన్ మీద ఎవరికీ కోపం లేదు. ఎమ్మాకూ ఆయనకూ ఆ తేడా పెద్దది. కాని ఇరవై ఏళ్లు అభ్యసించిన విద్య గురించి ఎవరూ అడగకపోవడం వేరే రకమైన దెబ్బ. విశాలాంధ్ర పుస్తకాల దుకాణంలో కొన్న మాస్కో రాదుగ, ప్రగతి ప్రచురణల పుస్తకాలు మా ఇంట్లో రెండు అలమారాల నిండా ఉండేవి. కొత్తవి రావడం ఆగిపోయిన తరువాత ఆయన పాతవాటికే అట్టలు వేసి, మళ్లీ వేసి దాచుకున్నారు. డబ్బు కష్టం గురించి ఆయన మాట్లాడగా విన్నాను గాని, దీని గురించి ఒక్కసారి కూడా మాట్లాడలేదు.

పాత_రీలు
ఉక్కునగరం గారూ, మీరు చెప్పినదే ఈ చిత్రానికి మూలమని నా నమ్మకం. ఆకలిని చూపించిన చిత్రాలు చాలా ఉన్నాయి. చేతిలో ఉన్న విద్య ఒక ప్రభుత్వ ఉత్తర్వుతో చెల్లని నోటుగా మారిపోవడాన్ని చూపించినవి అరుదు. ఎమ్మాగా చేసిన యొహానా తెర్ స్టేగె ముఖంలో ఆ అయోమయం కనిపిస్తుంది. ఆమె డచ్ నటి, హంగేరియన్ ఆమె మాతృభాష కాదు. తన మాట తనకు పరాయిదైపోయిన స్త్రీ పాత్రకు ఆమెను తీసుకోవడం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది.

ఒంటరి_ప్రేక్షకుడు
ఒక సవరణ అవసరం. ఇక్కడ అందరూ 1989 తరువాతే కష్టం మొదలైనట్లు రాస్తున్నారు. 1956 తరువాత దేశాన్ని ఏలిన కమ్యూనిస్టు నేత కాదార్ పాలనలోనూ హంగేరీ జనం ఒక్క ఉద్యోగంతో బతకలేదు. పెరటి సాగు, సాయంత్రపు పనులు, 1982 నుంచి చట్టబద్ధమైన చిన్న ప్రైవేటు పని బృందాలు, ఇవన్నీ కలిస్తేనే ఇల్లు గడిచేది. 1960 నుంచి పదిహేనేళ్లలో పది లక్షల ఇళ్లు కట్టాలని ప్రణాళిక వేసి అమలు చేసినా ఇళ్ల కరువు తీరలేదు. హంగేరియన్ దర్శకుడు బేలా తార్ తొలి చిత్రం ఫ్యామిలీ నెస్ట్ 1979లో వచ్చింది. అత్తమామల ఇరుకు ఫ్లాటులో నలిగిపోయే కోడలి కథ అది. ఆ కోడలికీ ఎమ్మాకూ సొంత గది కల ఒక్కటే. వ్యవస్థ మారినా అది నెరవేరలేదు.

చిట్టా_ఆవర్జా
ఆ మాట నిజమే గాని, రెండింటినీ ఒకే గాటన కట్టలేం. కాదార్ కాలంలో రెండో పని చేస్తే కారు కోసమో, బలతోన్ సరస్సు దగ్గర చిన్న వేసవి ఇంటి కోసమో కూడబెట్టే అవకాశం కొందరికైనా ఉండేది. మొదటి ఉద్యోగం పోతుందన్న భయం లేదు. ఎమ్మా రెండో పని మొదటిదాన్ని నిలబెట్టుకోవడానికి చేసింది. పాచిపని డబ్బు లేకపోతే ఆమె పంతులమ్మగా కొనసాగలేదు.

టీచరమ్మ_కోదాడ
నేను ప్రైవేటు బడి టీచరును. 2020లో బడులు మూతపడినప్పుడు నాతో పనిచేసిన తెలుగు మాస్టారు ఉపాధి హామీ పనికి వెళ్లారు, నేను మా వీధి చివర ఇడ్లీ బండి పెట్టాను. మరుసటి ఏడాది ఏప్రిల్లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. ఆ బియ్యం సంచీ ఇంటికి తెచ్చుకున్న రోజున మా అత్తగారు ఒక్క మాట కూడా అనలేదు. నేనూ మాట్లాడలేదు.

ఎమ్మా పత్రికలు అమ్మే దృశ్యం గురించి పాత_రీలు గారు గొంతు చించుకుని అన్నారు. ఆ అరుపులో నాకు వినిపించింది మరొకటి. యాభై మంది పిల్లలున్న తరగతిలో ఆఖరి బెంచీకి వినబడేలా మాట్లాడటం టీచరుకు అలవాటు. ఎమ్మా ఆ గొంతునే వాడుతోంది. అది దిగజారడమని మీరంతా బాధపడుతున్నారు. నాకు అలా అనిపించలేదు. ఇడ్లీ బండి దగ్గర నిలబడటానికి నేను సిగ్గుపడలేదు. బాధపెట్టింది వేరే సంగతి. బడులు తెరిచాక మమ్మల్ని పాత జీతంలో సగానికి రమ్మన్నారు, రాకపోతే వేరేవారు ఉన్నారన్నారు. మా పనికి వారు కట్టిన ఖరీదు తెలిసింది అప్పుడే. ఈ చిత్రంలో ప్రధానోపాధ్యాయుడు స్టెఫానిచ్ ఎమ్మాతో ప్రవర్తించే తీరు చూసినప్పుడు నాకు ఆ రోజు గుర్తుకు వచ్చింది.

నీలి_తెర
టీచరమ్మ గారూ, ఆ దృశ్యాన్ని మీరు చెప్పిన దృష్టితో మళ్లీ చూస్తాను. స్టెఫానిచ్ గురించి కూడా మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఆ పాత్ర వేసిన పేతర్ అందోరయి ఆ పిరికితనాన్ని ఎంత సహజంగా చేశాడంటే, కోపం కన్నా అసహ్యం కలిగింది. భార్య భయం, కుర్చీ భయం, రేపు ఎవరు ఏమంటారోనన్న భయం. ఎమ్మా ప్రేమ ఆయనకు ఆ భయాల మధ్య ఒక ఇబ్బంది మాత్రమే.

మరో అభ్యంతరం కూడా ఉంది. సినిమాలో వేషం కోసం ఆడవాళ్లు నగ్నంగా వరుసలో నిలబడే దృశ్యం. పేదరికం స్త్రీల ఒళ్లును సరుకుగా మారుస్తుందని చెప్పడానికి దర్శకుడు కూడా వారిని అలాగే నిలబెట్టి తీశాడు. ఆ దృశ్యాన్ని చిత్రీకరించిన రోజున అక్కడ నిలబడిన నిజమైన స్త్రీల మాటేమిటి?

మూడో_బెంచీ
ఈ ప్రశ్నకు ఎవరైనా సూటిగా జవాబు చెప్పండి. నాకూ తెలుసుకోవాలని ఉంది.

పాత_రీలు
సూటిగానే చెబుతాను. ఆ దృశ్యంలో కెమెరా ఎవరి ఒంటినీ లాలిస్తూ కదలదు. నిలబడినవారు చలికి, ఎదురుచూపుకు విసిగిన మామూలు మనుషులు. ఎంపిక చేసేవారి కళ్లలోనూ ఆసక్తి కనబడదు, సంతలో గొడ్లను చూసినట్లు చూసి పక్కకు పంపుతారు. ఎంపిక చేసేది కూడా సినిమావారే కావడం గమనించండి. ఇంకో వృత్తిని చూపించి తప్పించుకోకుండా తన వృత్తినే నిలదీశాడు. అయినా మీ ప్రశ్నలో బలం ఉంది. ఆ దృశ్యం సగం నిడివిలో ఉంటే చాలునని నేనూ అనుకుంటాను.

ఒంటరి_ప్రేక్షకుడు
ఉపాధ్యాయుల గది గురించి ఎవరూ మాట్లాడలేదు. నిన్నటి వరకు ఎవరు కమ్యూనిస్టు పార్టీతో ఎంత దగ్గరగా ఉన్నారని ఒకరినొకరు నిందించుకునే ఆ మాటలు చిత్రంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టాయి. 2006లో సాబో గురించి ఒక విషయం బయటపడింది. 1956 తిరుగుబాటు అణిచివేత తరువాత, సినిమా విద్యార్థిగా ఉన్న రోజుల్లో, ఆయన రాజ్య భద్రతా విభాగానికి, అంటే రహస్య పోలీసులకు, తోటివారి మీద నివేదికలు ఇచ్చాడని ఒక హంగేరియన్ వారపత్రిక ప్రచురించింది. ఆ పని మొదలైన నాటికి ఆయన వయసు ఇరవై లోపు. అది తెలిసిన తరువాత ఈ గది దృశ్యాలను మునుపటిలా చూడటం నాకు సాధ్యం కావడం లేదు. ఇతరుల పిరికితనాన్ని ఇంత వివరంగా చూపిన మనిషికి అది లోపలి నుంచి తెలుసు.

ఉక్కునగరం
తెలిసిన తరువాత చిత్రం విలువ తగ్గిందా, పెరిగిందా?

ఒంటరి_ప్రేక్షకుడు
తగ్గలేదు. స్టెఫానిచ్‌ను దర్శకుడు రాక్షసుడిగా చేయకపోవడానికి కారణం తెలిసిందని మాత్రం అనుకుంటున్నాను. ఆయన మీద జాలి చూపించడాన్ని మీలో కొందరు క్షమించకపోవచ్చు.

టీచరమ్మ_కోదాడ
నేను క్షమించను. పిరికితనానికి కారణం ఉండవచ్చు. కాని స్టెఫానిచ్ భయపడిన ప్రతిసారీ దాని ఖర్చు ఎమ్మా భరించింది. ఆయన జీతం ఆయనకు వస్తూనే ఉంది.

డాన్యూబ్_గట్టు
టీచరమ్మ గారి మాటకు ఒకటి జోడిస్తాను. 1991 జూన్ 19న ఆఖరి సోవియట్ సైనికుడు హంగేరీ దాటాడు. ఇక్కడివారికి అది నిజమైన పండుగ, నా సహోద్యోగులు ఇప్పటికీ ఆ మాట వస్తే ముఖం వెలిగించుకుంటారు. ఆ సంతోషం న్యాయమైనదే. అదే వేసవిలో ఒక రష్యన్ టీచరు తన తల్లిదండ్రులకు ఏమని ఉత్తరం రాసి ఉంటుందోనని ఆలోచించినవారు తక్కువ. సాబో ఆలోచించాడు. చిత్రంలో రష్యన్ టీచర్లను పాత పాలన మనుషులుగా చూసే కళ్లూ, వారిని పనిమనుషులుగా పెట్టుకునే కొత్త డబ్బూ ఒకే వీధిలో ఎదురవుతాయి.

నీలి_తెర
అందరి వాదనలూ చదివాను. హాస్టల్, ఫ్లాట్ల పంపకం గురించి డాన్యూబ్_గట్టు గారు చెప్పిన తరువాత బోబె చావుకు కథలో చోటు ఉందన్నది ఒప్పుకుంటాను. కాని ఒంటరి_ప్రేక్షకుడు గారు చెప్పిన లోటు అలాగే ఉంది, నా అభ్యంతరం ఇప్పుడు దాని మీద నిలబడింది. బోబె బతికున్నంతసేపు మనం ఆమెను ఎమ్మా పక్క మంచం నుంచే చూస్తాం. ఎవరితో వెళ్లిందో, ఎంత సంపాదించిందో, ఎందుకు నవ్వుతూ తిరిగి వచ్చిందో ఆమె నోట వినే అవకాశం మనకు లేదు. చనిపోయాక కూడా ఆమె ఎమ్మా దుఃఖంలో భాగంగానే మిగులుతుంది. శీర్షికలో ఇద్దరి పేర్లూ ఉన్నప్పుడు నేను ఇద్దరి కథనూ ఆశించాను.

పాత_రీలు
ఆ విమర్శను నేను కాదనలేను. అయితే పోలీసు విచారణ తరువాత వచ్చే దృశ్యాలను మరొకసారి చూడండి. అక్కడ బోర్చోక్ దాదాపు మాట లేకుండా చేసినది, రచయిత రాయని సగం కథను చెబుతుందని నా అభిప్రాయం.

మూడో_బెంచీ
ఈ ఆదివారం చూస్తున్నాను. చూశాక బోబె పక్షాన రాయడానికి ఇక్కడికే వస్తాను, ఎవరూ ఈ చర్చను మూసివేయవద్దు.